పీఎల్‌ఏ స్ప్లింట్ మే ఎండకి తట్టుకుంటుందా: ఆకారం గుర్తుంచుకునే ప్లాస్టిక్‌కి మోడల్ కడుతున్న డైరీ

ఫిబ్రవరి: ఎందుకు మొదలుపెట్టాను, ఏ మోడల్

మా అక్క గుంటూరులో ఫిజియోథెరపిస్టు. మణికట్టుకి కట్టే స్ప్లింట్ ఒకటి పీఎల్‌ఏ అనే 3డీ ప్రింటర్ ప్లాస్టిక్‌తో పలకలా ప్రింట్ చేసి, వేడి చేసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెయ్యి మీద వంచి, చల్లారాక తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, బాగానే ఉంది గానీ, మే నెలలో ఎవరైనా దీన్ని స్కూటర్ డిక్కీలో పడేసి మర్చిపోతే మళ్లీ పలకైపోదూ?" అంది. "అవుతుందక్కా, ఎంతసేపట్లో అన్నదే లెక్క కట్టాలి" అన్నాను. ఎండలో పెట్టి చూస్తే తెలిసిపోదా అంటే తెలుస్తుంది, కాకపోతే ఆ మందానికి, ఆ రోజు ఎండకి మాత్రమే తెలుస్తుంది. ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ దారం) మారినా, మందం అర మిల్లీమీటరు తగ్గించినా మళ్లీ మొదటికే. అందుకని మోడల్, అంటే ఏ మందానికైనా, ఏ ఎండకైనా జవాబు చెప్పే లెక్క.

ఈ ప్లాస్టిక్‌లు ఎలా పనిచేస్తాయో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి పాలిమర్‌కీ గాజులా గట్టిగా ఉండే దశ నుంచి రబ్బరులా మెత్తగా మారే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది, దాన్ని టీజీ అంటారు. పీఎల్‌ఏకి అది 60 డిగ్రీల దగ్గర్లో. దానిపైన వేడి చేసి వంచితే గొలుసుల్లాంటి పొడవాటి అణువులు సాగుతాయి, వంచిన ఆకారంలోనే పట్టుకుని చల్లార్చితే కదల్లేక అలాగే బిగుసుకుపోతాయి, మళ్లీ వేడి చేస్తే వదులై పాత ఆకారానికి వచ్చేస్తాయి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే హీట్ ష్రింక్ ట్యూబ్‌ది కూడా ఇదే కుటుంబం, దాంట్లో బిగుసుకునే పని స్ఫటికాలు చేస్తాయంతే.

మోడళ్ల విషయానికొస్తే రెండు దారులున్నాయి. ఒకటి, లియు, గాల్, డన్ తదితరులు 2006లో ఎపాక్సీ మీద ప్రయోగాలు చేసి ఇచ్చిన 'గడ్డకట్టిన భాగం' పద్ధతి. ప్లాస్టిక్‌లో ఎంత వంతు బిగుసుకుపోయింది అన్నదాన్ని ఉష్ణోగ్రత మీద మాత్రమే ఆధారపడే ఒక సూత్రంగా రాసి, బిగుసుకున్న భాగం తనలో సాగుదలని దాచుకుంటుందని లెక్క వేస్తారు. పదిహేను లైన్ల పైథాన్‌లో అయిపోతుంది, గ్రాఫులు కూడా చూడముచ్చటగా వస్తాయి. కానీ దాంట్లో టైమ్ లేదు. 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచినా, పది వారాలు ఉంచినా ఒకే జవాబు చెబుతుంది. అక్క అడిగిందే "ఎంతసేపు" అని కాబట్టి ఆ దారి నాకు పనికిరాదు.

రెండోది విస్కోఎలాస్టిక్ దారి, అంటే పదార్థాన్ని కొంత స్ప్రింగులా, కొంత చిక్కటి ద్రవంలా చూడటం. డయానీ, జిలోర్మినీ తదితరులు 2012లో చూపించింది ఏమిటంటే, క్రాస్‌లింక్ అయిన (గొలుసులు రసాయనికంగా ఒకదానికొకటి ముడిపడిన) పాలిమర్ ఆకార జ్ఞాపకాన్ని లెక్కగట్టడానికి కొత్త సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు, మామూలు లీనియర్ విస్కోఎలాస్టిసిటీకి ఉష్ణోగ్రతతో టైమ్ మారే నియమం ఒకటి కలిపితే మొత్తం కథ దానంతటదే బయటికొస్తుంది అని. నాకు ఇది బాగా నచ్చింది. పదార్థానికి సొంత గడియారం ఒకటి ఉందనుకోండి, వేడిగా ఉంటే పరుగెడుతుంది, చల్లబడితే దాదాపు ఆగిపోతుంది. ఆకారం 'గుర్తుండడం' అంటే గడియారం ఆగిపోవడమే. ఇక మన పనల్లా ఆ గడియారం ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత వేగంగా తిరుగుతుందో కనుక్కోవడం.

స్ప్లింట్ 3 మిల్లీమీటర్ల మందం, చేతి చుట్టూ వంపు వ్యాసార్థం సుమారు 30 మిల్లీమీటర్లు. మందాన్ని వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే బయటి పొర సాగుదల 5% వస్తుంది. రబ్బరు దశలో 5% అంటే లీనియర్ మోడల్‌కి ఇబ్బందేమీ లేదు. పైగా ఉష్ణోగ్రత అంతటా ఒకటే అయితే వంపుకీ, సాగుదలకీ ఒకటే సమీకరణం. కాబట్టి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ (వస్తువుని చిన్న చిన్న ముక్కల మెష్‌గా విడగొట్టి లెక్కగట్టేది) జోలికి పోకుండా ఒక డైమెన్షన్‌లోనే కానిచ్చేయొచ్చు. (ఆఫీసులో ఒక ఫ్రెండ్ వెంటనే పెద్ద సాఫ్ట్‌వేర్ తెరవమన్నాడు. మెటీరియల్ నంబర్లే చేతిలో లేనప్పుడు మెష్ ఎంత అందంగా ఉంటే ఏం లాభం?)

మార్చి: రిగ్ (టెస్టు సరంజామా)

కావాల్సింది రిలాక్సేషన్ టెస్ట్. పట్టీని ఒక ఉష్ణోగ్రత దగ్గర టక్కున కొంచెం సాగదీసి అక్కడే ఆపేసి, బలం ఎలా తగ్గుతూ పోతుందో చూడటం. ల్యాబుల్లో దీనికి డీఎంఏ (డైనమిక్ మెకానికల్ అనలైజర్) మెషిన్ ఉంటుంది. నా దగ్గర ఉన్నది ప్లైవుడ్ పెట్టె, రెండు 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు, పాత కంప్యూటర్ ఫ్యాను. కోళ్లు పెంచేవాళ్లు గుడ్లు పొదిగించడానికి చేసుకునే ఇంక్యుబేటర్ మాదిరే. కోఠీ గుజరాతీ గల్లీలో బలం కొలిచే 5 కిలోల బార్ లోడ్ సెల్, దాన్ని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు, ఉష్ణోగ్రత కొలిచే కే టైప్ థర్మోకపుల్, దాన్ని చదివే మ్యాక్స్6675 మాడ్యూల్, స్టెప్పర్ మోటార్ కొన్నాను. క్లాంపులకి రాణిగంజ్‌లో అల్యూమినియం ముక్కలు కోయించాను.

మొదట నీళ్ల తొట్టిలో చేద్దామనుకున్నాను, ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, పట్టీ వెంటనే వేడెక్కుతుంది. కానీ పీఎల్‌ఏ నీళ్లు పీల్చుకుంటే టీజీ కొన్ని డిగ్రీలు దిగిపోతుంది, దానికితోడు ఆవిరి తగిలి లోడ్ సెల్ రీడింగ్ జరుగుతూ పోతుంది. అందుకే గాలి పెట్టె. గాలితో వచ్చే చిక్కు ఆలస్యం. 3 మిల్లీమీటర్ల పలక లోపల వేడి అటూ ఇటూ సర్దుకోవడానికి అర నిమిషం చాలు, కానీ గాలి నుంచి పలకలోకి వేడి రావడానికి, పోవడానికి నాలుగు నిమిషాల టైమ్ కాన్‌స్టంట్ (తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు తీరే సమయం) పడుతుంది. స్ప్లింట్ వంచాక చేత్తో పట్టుకుని నిమిషంలో వదిలేస్తే అది వెనక్కి తెరుచుకునేది ఇందువల్లే, పైకి గట్టిపడినట్టు అనిపించినా లోపల ఇంకా టీజీ దగ్గరే ఉంటుంది.

పట్టీ సైజు దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ముందు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం అనుకున్నాను. రబ్బరు దశలో గట్టిదనం కొద్ది మెగాపాస్కల్‌లు, 3 అనుకుందాం, 10% సాగదీస్తే బలం 3 న్యూటన్లు, అంటే 300 గ్రాముల బరువు. అదే పట్టీని రెండు చివర్లా బిగించి 60 నుంచి 30 డిగ్రీలకి చల్లార్చితే? పీఎల్‌ఏ డిగ్రీకి సుమారు పది లక్షల్లో 70 వంతులు ముడుచుకుంటుంది, 30 డిగ్రీలకి 0.21%. గాజు దశలో గట్టిదనం 3 వేల మెగాపాస్కల్‌లు కాబట్టి 6.3 మెగాపాస్కల్‌లు, అంటే 63 న్యూటన్లు, ఆరు కిలోల పైన. నా లోడ్ సెల్ 5 కిలోలది! ఒకే టెస్టులో 300 గ్రాములూ చదవాలి, ఆరు కిలోలూ తట్టుకోవాలి. వెడల్పు సగానికి కోసి 5 మిల్లీమీటర్లు చేశాను, మూడు కిలోల చిల్లరతో సరిపోయింది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, చాలామంది చూడరు. 60 మిల్లీమీటర్ల పొడవున్న ఆ పట్టీ గాజు దశలో మిల్లీమీటరుకి 250 న్యూటన్లంత బిరుసు. లోడ్ సెల్ అంటే అదీ వంగే కడ్డీయే కదా, పూర్తి లోడ్‌కి మిల్లీమీటరులో కొంత భాగం వంగుతుంది, అంటే దాని బిరుసు కూడా అదే స్థాయిలో, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. పట్టీ ముడుచుకునేది మొత్తం 0.13 మిల్లీమీటరు, దాంట్లో సగం పైన లోడ్ సెల్లే వంగి మింగేస్తుంది. అందుకని రిగ్‌ని కూడా ఒక స్ప్రింగుగా పట్టీకి వరుసలో కలిపి మోడల్‌లో పెట్టాలి. లేకపోతే చల్లార్చేటప్పుడు బలం సగమే వస్తుంది, మనం పాపం పీఎల్‌ఏని తిట్టుకుంటాం.

ప్రింట్ దిశ కూడా లెక్కలోకి వస్తుంది. నాజిల్ నుంచి దారం సాగుతూ దిగుతుంది కాబట్టి ప్రింట్ అయిన పట్టీలోనే కొంత సాగుదల దాగి ఉంటుంది. ఎవరూ వంచకుండానే, కొత్త పట్టీని 75 డిగ్రీల దగ్గర వదులుగా పెడితే దారాల దిశలో పొట్టిదవుతుంది, మందం పెరుగుతుంది. 4డీ ప్రింటింగ్ (ప్రింట్ అయ్యాక వస్తువు తనంతట తానే ఆకారం మార్చుకోవడం) అని స్కైలర్ టిబ్బిట్స్ 2013 నుంచి పేరు తెచ్చిన రంగంలో పీఎల్‌ఏతో చేసే చాలా విన్యాసాలకి మూలం ఈ గుణమే. నా టెస్టుకి మాత్రం ఇది చెత్త. పట్టీల్ని ముందే టీజీ పైన కాసేపు వదులుగా ఉంచి ఆ సాగుదల పోగొట్టాక, కొలతలు మళ్లీ తీసుకుని వాడుతున్నాను. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే స్ఫటికాలు పెరిగి పదార్థమే మారిపోతుంది, కాబట్టి 70 దాటనివ్వడం లేదు.

ఏప్రిల్: డేటా, కోడు

50 నుంచి 75 డిగ్రీల దాకా ఐదేసి డిగ్రీలకి ఒక రిలాక్సేషన్ టెస్ట్. 50 దగ్గర బలం దాదాపు కదలదు, 60 దగ్గర కళ్లముందే జారుతుంది, 70 దాటాక మొదటి రీడింగ్ వచ్చేసరికే పడిపోయి ఉంటుంది. హెచ్‌ఎక్స్711 సెకనుకి 10 లేదా 80 రీడింగులు ఇస్తుంది, 80 పెట్టినా 75 డిగ్రీల మొదటి భాగం దొరకదు, దొరకాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అదే సంగతి 65 డిగ్రీల గ్రాఫులో నింపాదిగా జరుగుతుంది. ఈ గ్రాఫులన్నీ లాగ్ టైమ్ అక్షం మీద పక్కకి జరిపి ఒకదాని కొసకి ఒకటి అతికిస్తే ఒకే పొడవాటి వక్రం వస్తుంది. దాన్నే మాస్టర్ కర్వ్ అంటారు. ఒక్కో గ్రాఫుని ఎంత జరపాల్సి వచ్చిందన్నదే గడియారం వేగం. 60, 65, 70 చాలా చక్కగా అతుక్కున్నాయి. 75 తోక దగ్గర కొంచెం విడిపోతోంది. పీఎల్‌ఏకి రసాయన క్రాస్‌లింకులు లేవు, అణువుల చిక్కుముళ్లూ కొద్దిపాటి స్ఫటికాలే పట్టు, వేడిలో లాగి ఉంచితే చిక్కుముళ్లు నెమ్మదిగా జారిపోతాయి. అంటే స్ప్లింట్‌ని వేడిగా ఉన్నప్పుడు ఎంత ఎక్కువసేపు చేతి మీద నొక్కి ఉంచితే తర్వాత పలకగా మారే శక్తి అంత తగ్గుతుంది. మామూలుగా షేప్ మెమరీ చేసేవాళ్లు దీన్ని లోపం అంటారు, నాకు మాత్రం ఇది వరం! మోడల్‌లో శాశ్వత స్ప్రింగు బదులు చాలా నెమ్మదైన ఇంకో మ్యాక్స్‌వెల్ శాఖ (ఒక స్ప్రింగు, దానికి వరుసలో చిక్కటి ద్రవంలా జారే డ్యాష్‌పాట్) పెట్టాను.

మాస్టర్ కర్వ్‌కి ప్రోనీ సిరీస్ (ఇలాంటి శాఖలన్నిటి మొత్తం) అతికించడానికి టైమ్‌లో దశకానికి, అంటే ప్రతి పది రెట్లకి, ఒక శాఖ చొప్పున పెట్టి, పైథాన్ లైబ్రరీ సైపైలోని నాన్ నెగెటివ్ లీస్ట్ స్క్వేర్స్ (గట్టిదనాలు సున్నాకి కిందికి పోకుండా గ్రాఫుకి దగ్గరగా అతికించే పద్ధతి)తో వదిలేశాను. మామూలు లీస్ట్ స్క్వేర్స్ వాడితే కొన్ని శాఖలకి రుణాత్మక గట్టిదనం వస్తుంది, గ్రాఫు కలిసినా భౌతికంగా అర్థం ఉండదు.

కోడ్‌లో ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. ప్రతి టైమ్ స్టెప్‌లోనూ ఒక్కో శాఖకి, పదార్థం గడియారం ప్రకారం గడిచిన టైమ్‌ని ఆ శాఖ రిలాక్సేషన్ టైమ్ (దాంట్లో బలం జారిపోవడానికి పట్టే టైమ్)తో భాగించిన సంఖ్య ఒకటి వస్తుంది. e కి ఆ సంఖ్యని రుణ ఘాతంగా వేస్తే వచ్చినదాన్ని ఒకటి నుంచి తీసేసి, మళ్లీ అదే సంఖ్యతో భాగించాలి. చల్లబడ్డాక ఈ సంఖ్య ఎంత చిన్నదవుతుందంటే కంప్యూటర్ దృష్టిలో ఆ ఘాతం విలువ సరిగ్గా ఒకటే, తీసివేస్తే సున్నా, భాగిస్తే సున్నా. నిజానికి రావాల్సింది ఒకటి. ఫలితం, ప్లాస్టిక్ పూర్తిగా గడ్డకట్టాల్సిన చోట మోడల్‌లో గట్టిదనం మాయమైపోతుంది, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. నంపై అనే పైథాన్ లైబ్రరీలో ఎక్స్‌పీఎం1 (ఘాతం మైనస్ ఒకటిని నేరుగా లెక్కగట్టేది) అనే ఫంక్షన్ ఉన్నది సరిగ్గా ఇందుకే. అలాగే టైమ్ స్టెప్ నిమిషాల్లో పెట్టకుండా ఉష్ణోగ్రత అర డిగ్రీ మారినప్పుడల్లా ఒక స్టెప్ వేస్తున్నాను, టీజీ దగ్గర అర డిగ్రీకే గడియారం ఒకటిన్నర రెట్లు మారిపోతుంది మరి.

మొదటి పూర్తి సైకిల్ నడిపినప్పుడు భలే ముచ్చటేసింది. వేడి చేసి లాగాను, చల్లార్చాను, వదిలాను, ఆకారం నిలబడింది. మళ్లీ వేడి చేశాను, వెనక్కొచ్చింది. కోడ్‌లో ఎక్కడా 'జ్ఞాపకం' అని రాయలేదు, స్ప్రింగులు, డ్యాష్‌పాట్‌లు, గడియారం, అంతే. ఇంకో సంగతి కూడా దానంతటదే తేలింది. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి చేస్తే తెరుచుకునే ఉష్ణోగ్రత, 1 డిగ్రీ చొప్పున చేసినదానికన్నా రెండు డిగ్రీలు పైన ఉంటుంది. చేత్తో చూసినా అంతే. ఐదు రెట్లు అంటే లాగ్‌లో 0.7, టీజీ దగ్గర గడియారం డిగ్రీకి 0.34 దశకం మారుతుంది, భాగిస్తే రెండు. గడ్డకట్టిన భాగం మోడల్‌లో ఈ రెండు డిగ్రీలు ఎప్పటికీ రావు.

తావో షియే 2010లో నాఫియాన్ అనే పాలిమర్ మీద చూపించిన, ఒకే ముక్కకి రెండు మూడు ఆకారాలు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర గుర్తుండే విద్య కూడా ఇలాంటి శాఖలతోనే అర్థమవుతుంది. నాఫియాన్ మెత్తబడే పరిధి 55 నుంచి 130 డిగ్రీల దాకా పరుచుకుని ఉంటుంది, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కొన్ని శాఖలు మేలుకుంటాయి. పీఎల్‌ఏకి అంత వెడల్పు లేదు కాబట్టి అటు వెళ్లలేదు.

మే: అసలు గొడవ టీజీ కింద

టీజీ పైన గడియారానికి అందరూ వాడేది విలియమ్స్, లాండెల్, ఫెర్రీ 1955లో ఇచ్చిన సూత్రం. దాంట్లో రెండు స్థిరాంకాలు, సొంత డేటా లేనప్పుడు వాడే విలువలు 17.44, 51.6. టీజీకి పది డిగ్రీలు పైన గడియారం సుమారు 680 రెట్లు వేగం, పది డిగ్రీలు కింద 15 వేల రెట్లు నెమ్మది. ఇంకా కిందికి వెళ్తే ఈ సూత్రం పగ్గాలు తెంచుకుంటుంది, 30 డిగ్రీల గదిలో ఒకటి పక్కన 24 సున్నాలన్ని రెట్లు నెమ్మది అంటుంది, 8.4 డిగ్రీల దగ్గర ఏకంగా అనంతం. అది నిజం కాదు. టీజీ కింద గాజు దశలో వేగం ఆర్హీనియస్ నియమానికి (ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ వేగం ఎలా పడిపోతుందో చెప్పే సూత్రం) దగ్గరగా నడుస్తుంది, కానీ దాంట్లో యాక్టివేషన్ ఎనర్జీ (కదలడానికి అణువులు దాటాల్సిన శక్తి మెట్టు) ఎంత పెట్టాలన్నదే పెద్ద టెన్షన్.

45 డిగ్రీలు తీసుకుందాం, రెంటచింతలలో మే మధ్యాహ్నం. టీజీ 60, అక్కడ రిలాక్సేషన్ టైమ్ మామూలుగా తీసుకునే 100 సెకన్లు. పాత సూత్రాన్నే కిందికి లాగితే 45 దగ్గర ఆ టైమ్ దాదాపు 45 ఏళ్లు అవుతుంది. టీజీ దగ్గర వాలు కలిసేలా ఆర్హీనియస్ పెడితే (మోలుకి 718 కిలోజౌళ్లు పడుతుంది) దాదాపు ఎనిమిది నెలలు. గాజు దశకి నమ్మదగ్గట్టుగా అనిపించే 200 కిలోజౌళ్లు పెడితే 50 నిమిషాలు! ఒకే డేటా, ఒకే మాస్టర్ కర్వ్, టీజీ పైన మూడూ ఒకే గీత, కింద ఒకరు 45 ఏళ్లంటారు, ఇంకొకరు భోజనం చేసి వచ్చేలోపు అంటారు. షేప్ మెమరీ మోడళ్లలో ఎక్కువ భాగం వేడి చేసి, చల్లార్చి, వెంటనే మళ్లీ వేడి చేసే సైకిల్‌తోనే సరిచూస్తారు, ఆ సైకిల్‌లో ఈ మూడింటికీ తేడా పెద్దగా కనబడదు. వస్తువుని వారాల తరబడి అల్మారాలో ఉంచి చూస్తేనే బండారం బయటపడుతుంది. నన్నడిగితే ప్రతి పేపర్లోనూ ఆ టెస్ట్ ఉండి తీరాలి.

అందుకని పట్టీలు యూ ఆకారంలో వంచి, పెట్టెలో 40, 45, 50 డిగ్రీల దగ్గర వదులుగా పెట్టి, ఫోన్ స్టాండ్ మీద పెట్టి గంటకో ఫొటో, కోణం కొలవడం. 50 దగ్గర మొదటి పూటలోనే తెరుచుకోవడం కంటికి కనబడుతుంది. 45 దగ్గర మొదటి గంటల్లో కొంచెం తెరుచుకుని, తర్వాత బాగా నెమ్మదించి, రోజులు గడిచేకొద్దీ ఇంకా నెమ్మదిస్తోంది. మొదటి చిన్న కదలిక వేగమైన శాఖలది, మోడల్‌లోనూ ఉంది. తర్వాతి నెమ్మదితనం మాత్రం ఏ ఒక్క యాక్టివేషన్ ఎనర్జీతోనూ కలవడం లేదు. 200 అయితే మరీ తొందర, 718 అయితే మరీ నిదానం, మధ్యలో ఏది పెట్టినా మొదట కలిస్తే చివర తప్పుతుంది.

కారణం తెలిసిందే, ఏజింగ్. గబగబా చల్లార్చిన గాజు దశ ఇంకా కుదురుకోలేదు, లోపల ఖాళీలు ఎక్కువ, గడియారం కొంచెం వేగంగా తిరుగుతుంది. టీజీ కింద కూర్చోబెట్టేకొద్దీ సర్దుకుని గడియారం తనంతట తానే మందగిస్తుంది. స్ట్రూయిక్ 1978లో దీని మీదే పుస్తకం రాశాడు. మోడల్‌లో పెట్టడానికి టూల్ 1946లో చెప్పిన ఫిక్టివ్ టెంపరేచర్ అనే అదనపు చరరాశి చాలు, గాజు దశ ఏ ఉష్ణోగ్రత దగ్గరి నిర్మాణంతో గడ్డకట్టిందో అది చెబుతుంది. షేప్ మెమరీ పాలిమర్లకి ఈ నిర్మాణ రిలాక్సేషన్‌ని న్యుయెన్, చీ తదితరులు 2008లోనే కలిపారు. లెక్కలో ఒక సమీకరణం, డేటాలో ఇంకో రెండు స్థిరాంకాలు పెరుగుతాయి, పర్వాలేదు.

అసలు డిక్కీ సంగతి: థర్మోకపుల్ పెట్టి మధ్యాహ్నం ఎండలో బండి ఆపితే రీడింగ్ 50 దాటేసింది. అక్కడ ఏ మోడల్ అయినా ఒకటే మాట, ఈ పీఎల్‌ఏ స్ప్లింట్ నిలవదు. చెమటా, గుంటూరు తేమా తగిలి టీజీ దిగితే ఇంకా ముందే పోతుంది. అక్కకి అదే చెప్పాను, "అయితే డిక్కీలో పెట్టొద్దని స్టిక్కర్ అంటించు, లేకపోతే వేరే ప్లాస్టిక్ చూడు" అంది. వేరే ప్లాస్టిక్ అంటే పీఈటీజీ, టీజీ 80 చుట్టుపక్కల, వంచడానికి ఇంకా వేడి కావాలి కాబట్టి చెయ్యి మీద నేరుగా వంచడం కుదరదు, ప్లాస్టర్ నమూనా మీదే చెయ్యాలి.

ప్రస్తుతం పెట్టెలో రెండు రకాల పట్టీలున్నాయి. ఒక రకం వంచి వెంటనే వదిలేసినవి, ఇంకో రకం వంచిన ఆకారంలోనే క్లిప్పు పెట్టి 50 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఏజింగ్ చేశాక వదిలినవి. రెండూ 45 దగ్గర పక్కపక్కనే. మోడల్ ప్రకారం రెండో రకం బాగా తక్కువ తెరుచుకోవాలి, కాకపోతే ఆ రాత్రి వేడిలో కొంత ఒత్తిడి రిలాక్స్ అవ్వడం వల్ల తగ్గిందెంత, ఏజింగ్ వల్ల తగ్గిందెంత అన్నది విడదీయాలంటే చివర్లో రెండిటినీ 70 దగ్గర పూర్తిగా వేడి చేసి ఎంత వెనక్కొస్తాయో చూడాలి. పీఈటీజీ స్పూల్ వచ్చింది, ముందు ఆరబెట్టాలి. ఈలోగా లోడ్ సెల్ బిరుసు విడిగా కొలవాలి, దానికి డయల్ గేజ్ (చిన్న చిన్న కదలికలు కొలిచేది) ఒకటి బాలానగర్‌లో తెలిసినాయన ఇస్తానన్నాడు.